అల్పజీవి – అనల్పకృషి : చార్లెస్ డార్విన్ జీవితంలో ఒక అధ్యాయం

మహనీయుల జీవితచరిత్రలను చదివేటప్పుడు మన దృష్టి సహజంగా వారు సాధించిన విజయాల మీదనే నిలుస్తుంది. ఆ విజయానికి పూర్వం వారు ఎన్ని సంవత్సరాలు, ఎవరి కంటా పడకుండా, ఏ చిన్న పనిని ఎంత ఓర్పుతో చేశారో తెలుసుకోవాలన్న ఆసక్తి మనలో తక్కువ. జీవపరిణామ సిద్ధాంతకర్తగా లోకప్రసిద్ధి గాంచిన చార్లెస్ డార్విన్ పేరు ఉన్నత పాఠశాల విద్యార్థులందరికీ పరిచితమే. బీగిల్ నౌక, గాలాపగోస్ దీవులు, ప్రకృతి వరణం – ఇవన్నీ పాఠ్యపుస్తకాలలో కనిపించే మాటలే. కాని ఆ శాస్త్రవేత్త తన నిండు యౌవనం గడిచిన తరువాత ఎనిమిది సంవత్సరాల కాలాన్ని సముద్రతీరపు రాళ్ళను అంటిపెట్టుకుని బ్రతికే ఒక అల్పప్రాణి పరిశీలనకే ధారపోశాడన్న సంగతి తెలిసినవారు అరుదు. ఆ ప్రాణి పేరు బార్నకిల్. దాని కథతో పెనవేసుకున్న డార్విన్ జీవితం విద్యార్థులకూ, వారిని తీర్చిదిద్దే పెద్దలకూ కూడా మననం చేసుకోదగినది.

తీరశిలలపై జీవకోటి

ఇసుక తీరం కంటే రాతి తీరం జీవసంపదకు ఆలవాలం. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి రాళ్ళను ముంచుతుంది. రెండుసార్లు ఆటు వచ్చి వాటిని ఎండకు, గాలికి విడిచిపెడుతుంది. అంటే అక్కడ నివసించే ప్రాణి కొన్ని గంటలు జలచరంగానూ, కొన్ని గంటలు ఎండలో మాడే భూచరంగానూ బ్రతకవలసి ఉంటుంది. దీనికి తోడు ఎడతెగని అలల తాకిడి. ఇంతటి కష్టభూయిష్ఠమైన చోట కూడా నత్తలు, ఆల్చిప్పలు, పీతలు, సముద్ర నక్షత్రాలు, నాచుమొక్కలు జానెడు స్థలం కోసం పోటీ పడుతూ కిక్కిరిసి ఉంటాయి.

ఆ రాళ్ళ మీద చిన్న చిన్న అగ్నిపర్వతాల ఆకారంలో, తెల్లగా, గరుకుగా, పాదాలకు గీసుకుపోయే సున్నపు గుల్లలు వేల సంఖ్యలో కనిపిస్తాయి. ఇవే బార్నకిల్స్. ఓడల అడుగుభాగాన, పడవల చెక్కలకు, రేవు స్తంభాలకు కూడా ఇవి దట్టంగా పట్టి ఉంటాయి. చూపులకు ఇవి నత్తల వంటివేనని పూర్వం ప్రకృతి శాస్త్రజ్ఞులు భావించారు. లిన్నేయస్, కువియే వంటి ఉద్దండులు సైతం వీటిని నత్తలు, ఆల్చిప్పలు ఉన్న వర్గంలోనే చేర్చారు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ అనే సైనిక వైద్యుడు ఐర్లండు తీరంలో తాను చేసిన పరిశీలనలను ప్రకటించి, బార్నకిల్ పిల్లలు రొయ్యపిల్లల వలె కాళ్ళతో ఈదుతాయని నిరూపించాడు. కనుక ఇవి రొయ్యలకు, పీతలకు జ్ఞాతులు.

దీని జీవితం ఎంతో విచిత్రమైనది. గుడ్డు నుండి వెలువడిన డింభకానికి ఒకే కన్ను, మూడు జతల కాళ్ళు ఉంటాయి. అది నీటిలో తేలియాడుతూ, పలుమార్లు కుబుసం విడుస్తూ పెరిగి చివరకు ఆహారం ముట్టని ఒక దశకు చేరుతుంది. ఆ దశలో దానికి ఉన్న కర్తవ్యం ఒక్కటే – స్థిరనివాసం వెతుక్కోవడం. తన స్పర్శశృంగాల మీద నడుస్తూ రాతిని తడిమి చూస్తుంది. తన జాతివారు ఉన్న చోటును ఏరి కోరుకుంటుంది. ఒకసారి స్థిరపడిన తరువాత కదలడం అసాధ్యం కనుక ఇరుగుపొరుగున స్వజాతి ఉంటేనే దానికి సంతానం కలిగే అవకాశం ఎక్కువ. చోటు నచ్చగానే తల నుండి ఊరే ఒక విధమైన బంకతో తలను రాతికి అతికించుకుని, చుట్టూ సున్నపు పలకలతో కోట కట్టుకుంటుంది. ఆ పైన జీవితమంతా తలకిందులుగానే గడుపుతుంది. పోటు వచ్చినప్పుడు కోట తలుపులు తెరిచి, ఈకల వంటి ఆరు జతల కాళ్ళను వల విసిరినట్లు చాచి, నీటిలోని సూక్ష్మజీవులను నోటిలోకి లాగుకుంటుంది. ఆటు వచ్చినప్పుడు కాసింత తేమను లోపల దాచుకుని తలుపులు బిగించుకుంటుంది.

బాల్యం, విద్యాభ్యాసం

చార్లెస్ డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ డార్విన్ పేరుమోసిన వైద్యుడు. తాత ఎరాస్మస్ డార్విన్ వైద్యుడే కాక కవి, తత్త్వచింతకుడు కూడా. తల్లి సుసానా ప్రసిద్ధ పింగాణీ పాత్రల ఉత్పత్తిదారులైన వెడ్జ్‌వుడ్ వంశపు ఆడపడుచు. ఆరుగురు సంతానంలో చార్లెస్ ఐదవవాడు. ఎనిమిదేళ్ళ ప్రాయంలోనే మాతృవియోగం కలగడంతో అక్కల పెంపకంలో పెరిగాడు.

బడిలో చార్లెస్ చురుకైన విద్యార్థిగా గణుతికెక్కలేదు. ప్రాచీన భాషల పాఠాలను వల్లె వేయడం అతడికి రుచించేది కాదు. గుల్లలు, రాళ్ళు, పురుగులు పోగుచేయడం, వేట, కుక్కలతో షికార్లు – ఇవే అతడికి ఇష్టం. ఈ పిల్లవాడు తనకూ, వంశానికీ తలవంపులు తెస్తాడేమోనని తండ్రి ఒకనాడు గట్టిగానే మందలించాడు. ఆ మాట కొడుకు మనసులో వృద్ధాప్యం వరకూ నిలిచిపోయింది.

1825లో తండ్రి అతడిని వైద్యవిద్యకై ఎడింబరో పంపాడు. ఆ కాలంలో మత్తుమందులు లేవు. ఒక పసివాడికి జరుగుతున్న శస్త్రచికిత్సను చూడలేక చార్లెస్ ఆ గదిలో నుండి బయటకు పరుగెత్తాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అయితే ఎడింబరో నివాసం వ్యర్థం కాలేదు. సమీపంలోని సముద్రతీరమే అతడికి పాఠశాల అయింది. రాబర్ట్ గ్రాంట్ అనే జంతుశాస్త్రజ్ఞుడి వెంట ఆటు వేళల్లో రాళ్ళ నడుమ మడుగులను గాలిస్తూ తిరిగాడు. జాలరులతో స్నేహం చేసి వారి పడవలలో వెళ్ళాడు. సూక్ష్మదర్శినితో చిన్న ప్రాణులను పరిశీలించడం అక్కడే నేర్చుకున్నాడు. 1827 మార్చి నెలలో, పద్ధెనిమిదేళ్ళ వయసులో, విద్యార్థుల సంఘం ఎదుట రెండు చిన్న విషయాలను ప్రకటించాడు. ఫ్లస్ట్రా అనే సముద్రజీవి గుడ్లుగా అందరూ భావిస్తున్నవి నిజానికి ఈదగల డింభకాలని, నాచుమొక్క బీజాలుగా భావిస్తున్న నల్లని గుండ్లు ఒక సముద్రపు జలగ గుడ్ల సంచులని తెలియజేశాడు. ఆయన శాస్త్రజీవితానికి నాంది పలికినది ఈ తీరపు ప్రాణులే.

వైద్యం అబ్బలేదని గ్రహించిన తండ్రి, కుమారుడిని మతాచార్యుడిని చేయదలచి 1828లో కేంబ్రిడ్జికి పంపాడు. అక్కడ వృక్షశాస్త్ర ఆచార్యుడైన హెన్స్‌లో సాన్నిహిత్యం లభించింది. బడి చదువులో వెనుకబడిన ఈ యువకుడిలో ప్రకృతి పట్ల ఉన్న తీరని జిజ్ఞాసను ఆ గురువు పసిగట్టాడు. 1831లో బీగిల్ నౌక ప్రపంచయాత్రకు ప్రకృతి శాస్త్రజ్ఞుడు కావలసి వచ్చినప్పుడు డార్విన్ పేరును సూచించినవాడు ఆయనే. తండ్రి మొదట నిరాకరించినా మేనమామ జోసయా వెడ్జ్‌వుడ్ నచ్చజెప్పి ఒప్పించాడు.

బీగిల్ నౌకాయానం

కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ నాయకత్వంలో 1831 డిసెంబరు 27న బయలుదేరిన నౌక 1836 అక్టోబరు 2న స్వదేశం చేరింది. ఆ ఐదేళ్ళ విశేషాలు సుప్రసిద్ధాలు. ఈ వ్యాసానికి సంబంధించిన రెండు సంఘటనలు మాత్రం ఇక్కడ ప్రస్తావించవలసి ఉంది. రెండూ 1835లో చిలీ దేశపు తీరంలో జరిగినవే.

జనవరి మాసంలో చోనోస్ ద్వీపసమూహంలో డార్విన్‌కు ఒక పెద్ద సముద్రపు నత్తగుల్ల దొరికింది. దాని నిండా సన్నని రంధ్రాలు ఉన్నాయి. సూక్ష్మదర్శిని కింద చూడగా ఒక్కొక్క రంధ్రంలో అంగుళంలో పదోవంతు కూడా లేని ఒక ప్రాణి ముడుచుకుని ఉంది. లక్షణాలు బార్నకిల్‌వి, కాని సొంత గుల్ల లేదు. పరాయి గుల్లను తొలుచుకుని అందులో తలదాచుకుంటున్నది. అప్పటివరకు తెలిసిన ఏ బార్నకిల్ వర్ణనకూ అది సరిపోలేదు. డార్విన్ దానిని ద్రావకంలో భద్రపరచి తన సామగ్రిలో ఉంచాడు.

ఫిబ్రవరి 20న చిలీలో ఘోరమైన భూకంపం సంభవించి కన్సెప్షన్ నగరం నేలమట్టమైంది. తరువాత శాంతా మరియా దీవిని పరిశీలించిన ఫిట్జ్‌రాయ్‌కి ఒక దృశ్యం కనిపించింది. పోటునీరు చేరే గరిష్ఠమట్టానికి పది అడుగుల ఎత్తున రాళ్ళకు అంటిపెట్టుకుని ఉన్న ఆల్చిప్పలు నీరందక చచ్చి కుళ్ళిపోతున్నాయి. భూమి ఒక్కసారిగా పైకి లేచిందనడానికి అంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు. సముద్రతీరంలో ప్రతి ప్రాణికీ నీటిమట్టాన్ని బట్టి తనదైన ఒక అంతస్తు ఉంటుందని, ఆ అంతస్తు తప్పితే దానికి మనుగడ లేదని ఆ కుళ్ళిన ఆల్చిప్పలు చాటిచెప్పాయి. కొండలు సైతం అంచెలంచెలుగా లేచినవేనన్న నమ్మకం డార్విన్ మనసులో దృఢపడింది.

దాచి ఉంచిన సిద్ధాంతం

స్వదేశానికి తిరిగివచ్చిన డార్విన్ 1839 జనవరిలో మేనమామ కుమార్తె ఎమ్మాను వివాహమాడాడు. 1842లో లండను నగరానికి పదహారు మైళ్ళ దూరాన గల డౌన్ గ్రామంలో స్థిరనివాసం ఏర్పరచుకున్నాడు. అప్పటికే ఆయన ఆరోగ్యం క్షీణించసాగింది. తరచు వాంతులు, తలతిరుగుడు, నీరసం బాధించేవి.

జీవజాతులు మార్పులేనివి కావని, ఉమ్మడి పూర్వీకుల నుండి క్రమంగా పరిణమించాయని ఆయనకు తోచింది. 1838లో మాల్థస్ జనాభా గ్రంథం చదివిన తరువాత ఆ మార్పుకు కారణం కూడా స్ఫురించింది. పుట్టే ప్రాణులన్నింటికీ చోటు, ఆహారం చాలవు. స్వల్పమైన అనుకూల భేదాలు గలవి నిలుస్తాయి, లేనివి రాలిపోతాయి. 1844 నాటికి ఈ ఆలోచనను 230 పుటల వ్యాసంగా రూపొందించి, తాను అకస్మాత్తుగా మరణిస్తే దానిని ప్రచురించవలసిందిగా భార్యకు లేఖ రాసి, అందుకై 400 పౌన్ల సొమ్ము కేటాయించాడు. కాని తన జీవితకాలంలో వెంటనే వెల్లడించడానికి సాహసించలేదు. అదే సంవత్సరం పేరు చెప్పకుండా మరొక రచయిత ప్రకటించిన పరిణామవాద గ్రంథాన్ని శాస్త్రజ్ఞులు తూర్పారబట్టడం ఆయన చూశాడు. పైగా 1845లో మిత్రుడైన వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ ఒక ఉత్తరంలో యథాలాపంగా ఒక అభిప్రాయం వెలిబుచ్చాడు. అనేక జాతులను స్వయంగా నిశితంగా వర్ణించి చూడనివాడికి జాతుల గురించి సిద్ధాంతాలు చేసే అర్హత లేదన్నది ఆ మాటల సారాంశం. అది మరొక రచయితను ఉద్దేశించినదే అయినా డార్విన్ గుండెకు తగిలింది. భూగర్భశాస్త్రంలో ఆయనకు పేరు ఉన్నది. జంతువుల వర్గీకరణలో మాత్రం ఆయన చేసి చూపినది ఏమీ లేదు.

ఎనిమిది సంవత్సరాల దీక్ష

1846 అక్టోబరు 1న డార్విన్ బీగిల్ యాత్రలో తెచ్చిన ప్రాణులలో మిగిలిపోయిన చివరి దానిని బయటకు తీశాడు. చిలీ తీరంలో దొరికిన ఆ గుల్లలేని బార్నకిలే అది. కొద్ది నెలల్లో ముగుస్తుందనుకున్న పని అది. దాని అవయవాలను సరిగా అర్థం చేసుకోవాలంటే మామూలు బార్నకిల్స్‌ను కోసి చూడవలసి వచ్చింది. వాటిని చూడగా అంతవరకు జరిగిన వర్గీకరణ అంతా గందరగోళంగా ఉందని తేలింది. బ్రిటిష్ మ్యూజియం అధికారి జాన్ ఎడ్వర్డ్ గ్రే ప్రోత్సాహంతో అక్కడి సేకరణ మొత్తం డౌన్ గ్రామానికి అరువుగా వచ్చింది. దేశదేశాల పండితులకు లేఖలు వెళ్ళాయి. వివిధ తీరాల నుండి పెట్టెల నిండా గుల్లలు వచ్చిపడ్డాయి. భూమిపై జీవించి ఉన్నవీ, శిలాజాలుగా మిగిలినవీ అయిన బార్నకిల్స్ అన్నింటినీ వర్ణించాలన్న మహాసంకల్పంగా ఆ చిన్న పని మారిపోయింది.

ప్రతిదినం ఉదయం కిటికీ వద్ద వెలుతురులో కూర్చుని, గోటిమీద నిలిచేటంత ప్రాణులను సూదులతో విడదీసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించేవాడు. అనారోగ్యం వల్ల రోజుకు రెండు మూడు గంటలకు మించి పని సాగేది కాదు. 1848 నవంబరులో తండ్రి మరణించాడు. 1849లో మాల్వర్న్ అనే ఊరిలో చన్నీటి చికిత్స కోసం కుటుంబంతో సహా కొన్ని నెలలు ఉండవలసి వచ్చింది. ఈ ఎనిమిదేళ్ళలో దాదాపు రెండేళ్ళు జబ్బు కారణంగా వృథా అయినట్లు తరువాత ఆయనే లెక్క చెప్పుకున్నాడు. అయినా దీక్ష సడలలేదు. ఆ ఇంటిలో బార్నకిల్స్ ఎంతగా నిత్యకృత్యమైపోయాయంటే, లోకంలో తండ్రులందరికీ ఇదే వృత్తి అని భావించిన ఆయన బిడ్డ ఒకరు, పొరుగింటి పెద్దమనిషి తన బార్నకిల్స్ పని ఎక్కడ చేసుకుంటాడని అమాయకంగా అడిగినట్లు ఆ కుటుంబంలో చెప్పుకునేవారు.

బార్నకిల్స్ చెప్పిన సత్యాలు

ఈ శ్రమ వల్ల ఆయనకు లభించిన మొదటి పాఠం వైవిధ్యం. ఒకే జాతికి చెందిన ప్రాణులన్నీ ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయని పైపైన చూసేవారు అనుకుంటారు. వందలాదిగా పక్కపక్కన పెట్టి చూసిన డార్విన్‌కు, ప్రతి అవయవంలోనూ ఎంతో కొంత భేదం లేని జాతి కనిపించలేదు. రెండు వేర్వేరు జాతులని రాసుకున్నవాటిని ఒకే జాతిగా మార్చడం, మళ్ళీ విడదీయడం, రాసిన కాగితాలు చించివేయడం ఆయనకు పరిపాటి అయింది. వర్గీకరణకు అవరోధమైన ఈ భేదాలే పరిణామానికి ముడిసరుకు అని ఆయన గుర్తించాడు.

రెండవ పాఠం మార్పుదశలకు సంబంధించినది. సాధారణంగా బార్నకిల్స్‌లో స్త్రీ పురుష అవయవాలు రెండూ ఒకే శరీరంలో ఉంటాయి. కాని ఫిలిప్పైన్ దీవుల నుండి వచ్చిన ఇబ్లా అనే జాతిలో కంటికి ఆనని చిన్న మగప్రాణులు ఆడప్రాణి దేహాన్ని అంటుకుని పరాన్నజీవుల వలె బ్రతుకుతున్నాయని 1848లో ఆయన కనుగొన్నాడు. ఇతరులు వాటిని పురుగులని పారవేసి ఉండేవారేమో! దానికి దగ్గరి జ్ఞాతి అయిన మరొక జాతిలో ఉభయలింగ ప్రాణులకే అదనంగా అటువంటి చిన్న మగప్రాణులు తోడుగా ఉన్నాయి. ఉభయలింగ స్థితి నుండి లింగభేదం ఏర్పడే దారిలోని మెట్లు వరుసగా ఆయన కళ్ళ ఎదుట నిలిచాయి.

మూడవ పాఠం అవయవాల చరిత్ర. తొడిమ గల బార్నకిల్స్‌లో గుడ్లను పట్టి ఉంచే చిన్న చర్మపు మడతలు ఉంటాయి. తొడిమ లేనివాటిలో అవే మడతలు పెరిగి శ్వాసావయవాలుగా పనిచేస్తున్నాయని డార్విన్ వాదించాడు. ఒక పనికై ఉన్న అవయవం కాలక్రమంలో మరొక పనికి మళ్ళుతుందని చూపడానికి అనంతరకాలంలో తన మహాగ్రంథంలో ఈ ఉదాహరణనే వాడుకున్నాడు.

ఈ కృషిలో పొరపాట్లు దొర్లలేదని కాదు. బంకను ఊరించే గ్రంథుల విషయంలో ఆయన నిర్ణయం తప్పని 1859లో క్రోన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. డార్విన్ ఆ తప్పును దాచలేదు. తన స్వీయచరిత్రలో సైతం నిస్సంకోచంగా రాసుకున్నాడు.

కన్నకూతురి వియోగం

ఈ కాలంలోనే ఆయన జీవితంలో అత్యంత విషాదఘట్టం సంభవించింది. పెద్దకుమార్తె ఆన్ – ఇంటిలో అందరికీ ముద్దుల ఆనీ – తరచు జబ్బుపడసాగింది. తనకు కొంత ఉపశమనం కలిగించిన మాల్వర్న్ చికిత్స మీది ఆశతో 1851 మార్చిలో డార్విన్ ఆమెను అక్కడికి తీసుకుపోయాడు. ఏప్రిల్‌లో జ్వరం ముదిరింది. నిండు గర్భిణి అయిన ఎమ్మా డౌన్ గ్రామంలోనే ఉండిపోవలసి వచ్చింది. తండ్రి బిడ్డ మంచం పక్కన కూర్చుని, పూటపూటకూ ఆశనిరాశల నడుమ భార్యకు ఉత్తరాలు రాశాడు. ఏప్రిల్ 23న, పదేళ్ళు నిండిన కొద్దివారాలకే, ఆనీ కన్నుమూసింది. అంత్యక్రియలకు సైతం నిలవక ఆయన భార్య చెంతకు తిరిగి వెళ్ళాడు. వారం తరువాత కూతురి నడక, నవ్వు, చేష్టలు మరపురాకుండా కొన్ని పుటలు రాసి దాచుకున్నాడు. మే నెలలో మరొక కుమారుడు జన్మించాడు.

ప్రకృతిలో అసంఖ్యాకంగా పుట్టి, అసంఖ్యాకంగా రాలిపోయే ప్రాణుల లెక్క ఆయనకు కాగితం మీది అంకె మాత్రమే కాకుండా పోయింది. ఆ శోకంలో సైతం ఆయన సూక్ష్మదర్శిని వద్దకు తిరిగి వచ్చాడు. తొడిమ గల బార్నకిల్స్ సంపుటం ఆ ఏడాదే వెలువడింది.

గ్రంథప్రకటన, గుర్తింపు

1851లో రెండు, 1854 ప్రాంతంలో మరి రెండు – మొత్తం నాలుగు గ్రంథాలుగా ఈ పరిశోధన వెలుగుచూసింది. జీవించి ఉన్న బార్నకిల్స్ గురించిన రెండు సంపుటాలే కలిసి వెయ్యి పుటలకు పైబడినవి. 1853 నవంబరులో రాయల్ సొసైటీ తన రాజపతకాన్ని డార్విన్‌కు ప్రదానం చేసింది. భూగర్భ పరిశోధనలతో పాటు బార్నకిల్స్ కృషి కూడా ఆ గౌరవానికి కారణం. 1854 సెప్టెంబరు 9న అరువు తెచ్చిన గుల్లలను పంపివేసే పని పూర్తిచేసి, ఆ రోజే జాతుల పుట్టుకకు సంబంధించిన పాత కాగితాలను చేతికి తీసుకున్నాడు.

ఇంతకాలం ఈ చిన్న ప్రాణికై వెచ్చించడం సబబేనా అని డార్విన్ కూడా తరువాత సందేహించాడు. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించవలసిన పరిస్థితి వచ్చిన మాట వాస్తవం. 1858 జూన్ 18న తూర్పుదీవుల నుండి ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ పంపిన వ్యాసం అందింది. ఇరవై ఏళ్ళుగా తాను దాచుకున్న సిద్ధాంతమే అందులో ఉంది! అదే సమయంలో ఆయన పసికుమారుడు స్కార్లెట్ జ్వరంతో మరణించాడు. మిత్రులు మధ్యవర్తిత్వం వహించి జూలై 1న లిన్నియన్ సొసైటీలో ఇద్దరి రచనలనూ కలిపి చదివించారు. వాలెస్ ఉదారహృదయంతో అంగీకరించాడు. ఇద్దరి మధ్య జీవితాంతం మైత్రి నిలిచింది. 1859 నవంబరు 24న జాతుల ఉత్పత్తి గ్రంథం వెలువడింది. తీవ్రమైన వాదోపవాదాలు చెలరేగాయి. అయితే జాతులను స్వయంగా పరిశీలించని వ్యక్తి ఊహాగానం అని ఆ గ్రంథాన్ని తోసివేయడం ఎవరికీ సాధ్యం కాలేదు. ఆ అర్హతను ఆయన ఎనిమిదేళ్ళు శ్రమించి సంపాదించుకున్నాడు. బార్నకిల్స్‌లో పొందిన శిక్షణ తనకు ఎంతో ఉపకరించిందని డార్విన్ సైతం అంగీకరించాడు.

తుదివరకూ చిన్న ప్రాణుల పట్ల ఆయన ఆసక్తి తరగలేదు. 1881లో ప్రకటించిన ఆఖరి గ్రంథం వానపాముల గురించినది. 1882 ఏప్రిల్ 19న డౌన్ గ్రామంలోని స్వగృహంలో డార్విన్ పరమపదించాడు. లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఆయనను సమాధి చేశారు.

డార్విన్ తరువాత

దగ్గరి జ్ఞాతుల మధ్యనే మనుగడ పోరాటం అతి తీవ్రంగా ఉంటుందని డార్విన్ రాశాడు. ఒకే ఆహారం, ఒకే చోటు రెండింటికీ కావాలి కదా! ఆ మాటకు చక్కని నిదర్శనం తరువాతి కాలంలో మళ్ళీ బార్నకిల్స్‌లోనే దొరికింది. స్కాట్లండులోని కంబ్రే దీవి రాళ్ళ మీద రెండు రకాల బార్నకిల్స్ రెండు పట్టీలుగా నివసిస్తాయి. పైపట్టీలో ఖ్తమాలస్, కిందిపట్టీలో బలానస్. ఖ్తమాలస్ కింద ఎందుకు ఉండదు? నీరు ఎక్కువైతే దానికి గిట్టదా? జోసెఫ్ కానెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కొన్ని రాళ్ళమీద ఒక సగంలో ఖ్తమాలస్‌ను తాకుతున్న బలానస్‌లను తొలగించి, మరొక సగాన్ని అలాగే ఉంచి, ఒక్కొక్క ప్రాణినీ గుర్తుపెట్టి లెక్కించాడు. 1961లో ఆయన ప్రకటించిన ఫలితం ఇది : బలానస్‌ను తొలగించిన చోట ఖ్తమాలస్ కిందిపట్టీలోనూ చక్కగా బ్రతికింది. తొలగించని చోట వేగంగా పెరిగే బలానస్ దానిని కప్పివేసి, కింద నుండి పెకలించి, నలిపి చంపింది. పైపట్టీలో మాత్రం ఎండకు తట్టుకోలేక బలానస్సే చనిపోతుంది కనుక అక్కడ ఖ్తమాలస్‌కు రక్షణ. పైహద్దును ఎండ నిర్ణయిస్తే కిందిహద్దును పొరుగువారి పోటీ నిర్ణయిస్తున్నదన్నమాట.

అమెరికా పశ్చిమతీరంలో రాబర్ట్ పెయిన్ చేసిన పరిశోధన మరొక రహస్యాన్ని వెల్లడించింది. రాళ్ళమీద ఆల్చిప్పలను తినే సముద్ర నక్షత్రాలను ఒకచోట నుండి ఆయన తొలగిస్తూ వచ్చాడు. ఆల్చిప్పలు విజృంభించి తక్కిన ప్రాణులకు చోటు లేకుండా చేశాయి. మొదట 15 జాతులు ఉన్న చోట 8 మాత్రమే మిగిలినట్లు 1966లో ఆయన ప్రకటించాడు. వేటాడే ప్రాణి సైతం వైవిధ్యానికి రక్షకుడు కాగలదని దీనివల్ల తేలింది.

మన తూర్పుతీరంలో కూడా ఈ శాస్త్రం వెనుకబడలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో ఆచార్య పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు 1950ల దశకంలో విశాఖపట్నం తీరపు రాళ్ళమీది జీవులను, రేవులో ఓడలకు, చెక్కలకు పట్టే బార్నకిల్స్ వంటి ప్రాణులను అధ్యయనం చేశారు. విహారానికి సముద్రతీరం వెళ్ళే మన పిల్లలు ఆటు వేళ ఒక రాతి పక్కన కాసేపు కూర్చుని చూస్తే, పైనుండి కిందికి ప్రాణులు పట్టీలు పట్టీలుగా ఎలా మారుతున్నాయో వారే గమనించగలరు.

డార్విన్‌కు అసాధారణమైన జ్ఞాపకశక్తి లేదు, ఆరోగ్యం లేదు, బడిలో బహుమతులు లేవు. ఉన్నవి ఆసక్తి, సత్యనిష్ఠ, చేపట్టిన పనిని అంటిపెట్టుకునే గుణం. ప్రపంచాన్ని మార్చివేయగల ఆలోచన చేతిలో ఉండగా, దానిని చెప్పే అర్హత కోసం ఆయన ఎనిమిదేళ్ళు ఒక అల్పజీవికి శిష్యుడయ్యాడు. మార్కుల పట్టికను చూసి బిడ్డ భవిష్యత్తును తేల్చివేయకూడదని ఆయన బాల్యం తల్లిదండ్రులకు చెబుతుంది. శిష్యుడిలోని జిజ్ఞాసను కనిపెట్టి దారి చూపడమే బోధన అని హెన్స్‌లో చరిత్ర ఉపాధ్యాయులకు గుర్తుచేస్తుంది. ఏ పనీ చిన్నది కాదని, చిన్న పనిని సంపూర్ణంగా చేసినవాడికే పెద్ద మాట చెప్పే అధికారం లభిస్తుందని ఆ ఎనిమిది సంవత్సరాలు విద్యార్థులకు నేర్పుతున్నాయి.